మా ఇంట్లో కొంచెం అంటే

మా అవ్వ వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న రోజు, లేవదీయడానికి పరుగెత్తుకొచ్చిన పక్కింటామెతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఏమీ లేదు మా. కాలు లేసా జారె." లేసా అంటే తమిళంలో ఓ రవ్వ, ఇంచుక. ఆ రవ్వంత జారుడుకి ఆవిడ వానాకాలం వెళ్ళి చలి మొదలయ్యేదాకా మంచం దిగలేదు.

నేను కోయంబత్తూరులో నూలు మిల్లువాళ్ళు కట్టించిన లైను ఇళ్ళలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలోనూ తమిళమే. మా తాతల తాతలు ఎప్పుడు ఈ దిక్కుకి వచ్చారో ఎవరికీ తెలియదు, ఎందుకు వచ్చారో అంతకంటే తెలియదు. తెలుగు అక్షరాలు నేను పెళ్ళయి పిల్లలు పుట్టాక కూర్చుని నేర్చుకున్నాను. అందుకే నా రాత పుస్తకాల తెలుగులా ఉంటుంది, మా ఇంటి తెలుగులా ఉండదు. మా ఇంటి తెలుగును కాగితం మీద పెడితే సగం జనం నవ్వుతారు, మిగతా సగం దిద్దుతారు. ఆ రెండూ నేను భరించలేను.

బియ్యం అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. ఇవి తెలుగువాళ్ళందరికీ ఉన్నవే. మావాళ్ళు మాత్రం ఈ పద్ధతిని పట్టుకుని చాలా దూరం లాక్కుపోయారు. మా ఇంట్లో ఏ కష్టాన్నీ దాని నిలువెత్తుతో పలకకూడదు. ఒళ్ళు పెనంలా కాలుతుంటే "వెచ్చగా ఉండాది" అనాలి. తల పగిలి నెత్తురు కారుతుంటే "గడప తట్టుకొనె" అనాలి. దేనికైనా ముందు కొంచెం అనో, లేసా అనో, సుమ్మా అనో తగిలించాలి. సుమ్మా అంటే ఊరికే. మా వీధిలో ఆడవాళ్ళు కళ్ళు వాచేలా ఏడ్చి కూడా ఎవరైనా అడిగితే "సుమ్మా" అనేవాళ్ళు. ఎందుకిలా అని చిన్నప్పుడు అవ్వని అడిగాను. "కుక్కని పేరు పెట్టి పిలిస్తే తోక ఆడించుకొని రాదా? నొప్పీ అట్లనే. పేరు పెట్టి పిలవాకు" అంది. అమ్మ చెప్పిన కారణం వేరు. అమ్మది మదురై, అక్కడా మిల్లు కుటుంబమే. మన మూట ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టకూడదు, అది మర్యాద కాదు అనేది.

చావుకి కూడా ఇదే లెక్క. ఎవరైనా పోతే చుట్టాలకి "కొంచెం బాగలేదు, ఒకసారి వచ్చి చూసిపొండి" అని కబురు పంపేవాళ్ళు. అందుకున్నవాళ్ళకి సంగతి తెలిసిపోయేది. ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరికైనా నిజంగానే కొంచెం బాగలేకపోతే తప్ప.

అవ్వ తుంటి విరిగినప్పుడు అదే జరిగింది. మా అత్త, అంటే నైనాకి అక్క, బోడినాయకనూరులో ఏలకుల మండీలో కాయలు ఏరే పని చేసేది. నైనా అంటే మా నాన్న. అటు వెళ్తున్న లారీ డ్రైవరుతో అమ్మ కబురంపింది: అవ్వకి కొంచెం బాగలేదు, వచ్చి చూసిపొమ్మన్నారు అని. అలా తప్ప ఎలా చెప్పాలో అమ్మకి తెలియదు. మర్నాడు మా వీధి మొదట్లో కుళాయి దగ్గరనుంచే ఏడుపులు మొదలయ్యాయి. అత్త ముందు, వెనక ఆమె ఆడబిడ్డలు, తోడికోడళ్ళు, బస్సులో పట్టినంతమంది. అవ్వ మంచం మీదనుంచి తల ఎత్తి "పాపం, ఎవురే పోయింది?" అని అడిగింది. అత్త గుమ్మంలో నిలబడిపోయింది. ఏడవాలో నవ్వాలో తెలియక అవ్వ కాళ్ళ మీద పడి రెండూ చేసింది. విరిగిన కాలు మీద పడిందని అవ్వ కేక పెట్టింది. అయినా ఆవిడకి చనిపోయావనుకున్నారన్న బాధ లేదు. సాయంత్రం అందరూ కాఫీ తాగుతుంటే అత్తని పక్కకి పిలిచి, "నీ పెద్దాడబిడ్డ కంట్లో నీళ్ళే లేదు, చూస్తిని" అంది.

ఇలా నవ్వుకున్నాం చాలా ఏళ్ళు. ఈ నవ్వు నైనా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

నైనా బ్లోరూంలో పనిచేసేవాడు. దూది బేళ్ళు విప్పి, మిషన్లలో పోసి, చిలికి, అందులో మట్టీ ఆకూ నలుసూ ఎగరగొట్టే గది అది. మిల్లులో ఎక్కడలేని దుమ్మంతా ముందు అక్కడే లేస్తుంది. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు ఆయన కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా ఉండేవి. స్నానం చేసి రాగానే అవ్వ అరచేతిలో ఓ బెల్లం ముక్క పెట్టేది. బెల్లం గొంతులో దుమ్మును కిందికి దించుతుందని మిల్లు జనమంతా నమ్మేవాళ్ళు. దించి ఎక్కడ పెడుతుందో ఎవరూ అడగలేదు.

ఆదివారం సెలవు పోయి సోమవారం వచ్చిందంటే మా లైను మగవాళ్ళందరికీ రొమ్ము పట్టేసేది. వారం మొత్తంలో అదే చెడ్డరోజు. మంగళవారానికి కాస్త సర్దుకునేది. అందరికీ అంతే కాబట్టి అది రోగమని ఎవరూ అనుకోలేదు, సోమవారమంటే అలాగే ఉంటుందనుకున్నారు. నైనాకి మాత్రం కొన్నాళ్ళకి మంగళవారం కూడా సర్దుకోలేదు. తర్వాత బుధవారం పోయింది. అడిగితే "లేసా పట్టినట్టుండాది" అనేవాడు.

ఆయన మాట వినడం మానేసి, చూడటం మొదలుపెట్టింది అమ్మ. మిల్లు గేటునుంచి మా ఇంటికి కాస్త ఎత్తుదారి. ఆ దారిలో నైనా ఆగి, వంగి, చెప్పు వారు సరిచేసుకునేవాడు. నాలుగిళ్ళు దాటగానే మళ్ళీ వంగేవాడు. చెప్పు పాతదైపోయిందేమోనని అమ్మ గాంధీపురం వెళ్ళి కొత్త జత తెచ్చింది. కొత్త చెప్పుకీ అదే తెగులు. అమ్మకి అప్పుడు అర్థమైంది. అర్థమైందని నైనాకి తెలియగానే ఆయన చెప్పు మానేసి మునగచెట్టు పట్టుకున్నాడు. మూలింటివాళ్ళ గోడ దగ్గర నిలబడి చెట్టు వైపు తలెత్తి చూస్తూ, ఊపిరి అందాక "ఈ ఏడు కాయ బాగ పట్టె" అని కదిలేవాడు. రోజూ అదే చెట్టు, అదే మాట. ఆ ఇంటామెకి జాలేసింది. పాపం ఈయనకి మునక్కాయలంటే ఎంత ఆశో అని ఓ కట్ట కోసి పంపింది. తర్వాత ఇంకో కట్ట. మేము వారమంతా మునక్కాయ సాంబారు తిన్నాం. అమ్మ ఓ రోజు గరిటె గిన్నెలో విసిరేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఏమైందమ్మా అని వెనకే వెళ్ళాను. "సుమ్మా" అంది.

మా పక్క ఇంట్లో యూనియన్ మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన అమ్మకి ఒక దారి చెప్పాడు. దుమ్ములో పని కూడదు అన్న మాట మిల్లు డాక్టరు నోటినుంచి వస్తే చాలు, యార్డుకో, గేటుకో మారుస్తారు. కొందరిని అలా మార్చారు కూడా. "కాని అక్కా, అన్న నోరు తెరిచి చెప్పాల. డాక్టరు అడిగేది రెండే మాట. ఆ రెండు మాటకి సరిగ్గ చెప్పితే తప్పించుకోవచ్చు. లేదంటే ఆ గదిలోనే..." అని ఆపేశాడు. ఆయన కూడా మావాడే, మిగతాది చెప్పడు. అమ్మకి మిగతాది తెలిసిపోయింది. ఆ రోజునుంచి మా ఇంట్లో ఒకటే పని: నైనాని ఆ గదిలోంచి బయటికి తేవాలి. దానికి కావలసిందల్లా ఆయన ఒక్కసారి, ఒక్క మనిషి ముందు, ఉన్నది ఉన్నంత చెప్పడం.

డాక్టరు తమిళాయన, మహా కరుకు మనిషి, ఎవరినీ కూర్చోమనడు. అందుకని మేము నైనాకి తమిళంలో పాఠం చెప్పాం. అవ్వ మంచం మీద కూర్చుని మెడలో తువ్వాలు వేసుకుని డాక్టరయింది. "ఎన్నయ్యా ఉనక్కు?" అని, అంటే ఏమైందయ్యా నీకు అని గద్దించేది. మొదట నైనా నవ్వి లేచిపోయేవాడు. అమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టేది. చివరికి చెప్పాడు. పడుకుంటే ఊపిరాడదు, గోడకి ఆనుకునే నిద్ర. మెట్లు ఎక్కలేను. బేలు ఎత్తితే కళ్ళు తిరుగుతాయి. ఇంటికి వచ్చేలోగా ఎన్నోసార్లు ఆగాలి. తమిళంలో గడగడా చెప్పేశాడు. మేస్త్రీతో పోట్లాడే భాష, బస్సులో చోటుకోసం అరిచే భాష ఆయనకి తమిళం. అందులో ఆయన వేరే మనిషి. ఇంతకాలం మేము ఊహించుకున్నదే అయినా, ఆ మాటలు ఆయన నోట వినడం వేరు. అవ్వ తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకుంది. అమ్మ మాత్రం "ఇదే. అక్కరం పోకుండా ఇదే చెప్పండి" అంది.

ఆ వారమే కరుకు డాక్టరు మారిపోయి కొత్త డాక్టరు వచ్చాడు. ఆంధ్రావాడు, గోదావరి వైపు. చిన్నవాడు.

మా లైనంతా పండగలా అయిపోయింది. మా భాష మాట్లాడే డాక్టరు! ఆడవాళ్ళు మందుల వంకతో వెళ్ళి ఆయన మాట విని వచ్చేవాళ్ళు. "ఆయప్ప మాటాడితే రేడియోలో చెప్పినట్టే ఉండాది" అని మురిసిపోయేవాళ్ళు. అమ్మయితే మారియమ్మకి కొబ్బరికాయ కొట్టింది. మన మాట మనిషి వచ్చాడు, ఇక నాన్చుడు లేకుండా కడుపులో ఉన్నదంతా చెప్పుకోవచ్చు అని. నాకూ అలాగే అనిపించింది. తమిళంలో పాఠం ఇక అక్కర్లేదని మానేశాం. ఇలాంటి పొరపాటు మావాళ్ళే చేయగలరు. నైనా డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు గడ్డం గీయించుకుని, పెళ్ళిళ్ళకి తప్ప తీయని తెల్లచొక్కా తీసి వేసుకుంటుంటే అయినా మాకు తెలియాల్సింది.

అమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. తోడుగా నన్ను లోపలికి పంపింది. అప్పుడు నేను పదకొండో తరగతి.

డాక్టరు లేచి నిలబడ్డాడు. నైనాని చూసి, "రండి బాబాయ్ గారూ, కూర్చోండి" అన్నాడు.

నైనా నా వైపు చూశాడు. మిల్లులో ఆయన్ని ఎవరూ అంతవరకూ కూర్చోమనలేదు. పిలిస్తే నంబరు పెట్టి పిలిచేవాళ్ళు, లేకపోతే ఏయ్ అనేవాళ్ళు. ఆ అబ్బాయికి అది వాళ్ళ ఊళ్ళో దారినపోయే పెద్దవాళ్ళందరినీ పిలిచే పిలుపు. మా నైనా మాత్రం ఆ కుర్చీలో కూర్చునేసరికే వాడికి నిజంగా చిన్నాయన అయిపోయాడు.

"చెప్పండి. ఆయాసం ఏమైనా వస్తోందా?"

"ఏమీ లేదు నాయనా," అన్నాడు నైనా. "లేసా. వయసాయె గదా, ఒళ్ళు అప్పుడప్పుడు అట్ల ఇట్ల అంటాది. తమది ఏ ఊరు?"

డాక్టరు ఊరు చెప్పాడు. అక్కడ ఏటి నీళ్ళు తియ్యగా ఉంటాయా అని నైనా అడిగాడు. ఉంటాయన్నాడు. ఈ ఊరి నీళ్ళు కూడా తియ్యనే, సిరువాణి నీళ్ళు, తమరికి పడతాయి అని నైనా హామీ ఇచ్చాడు. నేను ఆయన చొక్కా పట్టి లాగాను.

"రాత్రుళ్ళు దగ్గు వస్తుందా?"

"కొంచెం. అది అందరికీ ఉండేదే. కూడు ఒప్పుతుందా తమరికి? యాడ తింటా ఉండారు? మెస్సులోనా? అయ్యో, అందుకే ఇంత సన్నబడినారు."

ఇక నావల్ల కాలేదు. "అబద్ధం డాక్టర్!" అన్నాను. "నైనా పడుకోలేడు. గోడకి ఆనుకొనే కూర్చుంటాడు. గేటునుంచి ఇంటికి నడవలేడు, చెట్టు చూసినట్టు నిలబడతాడు. ఊపిరి ఆడదు." నా గొంతు నాకే కీచుగా వినిపించింది. నైనా నవ్వాడు. ఎంత చక్కగా నవ్వాడంటే నేనే నమ్మేదాన్ని. "అమ్మిణికి భయం నాయనా. లేసా తుమ్మితే చాలు, ఏడుస్తాది." డాక్టరు కూడా నవ్వి, "మీ అమ్మాయికి మీరంటే ప్రాణం" అన్నాడు. స్టెతస్కోపు పెట్టి, కళ్ళు మూసుకుని కాసేపు విన్నాడు. ఆ కాసేపు నేను మా కులదేవతలందరికీ మొక్కుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి "కొంచెం దుమ్ము పట్టినట్టుంది, సిరప్ రాస్తాను" అన్నాడు.

వాడి కొంచెం వేరు, మా కొంచెం వేరు. వాడి ఊళ్ళో కొంచెమంటే కొంచెమే. వాడి తప్పు ఏమీ లేదు. ఎదురుగా తెల్లచొక్కా తొడుక్కుని నవ్వుతూ కూర్చున్న బాబాయ్ గారు చెప్పింది విన్నాడు, ముచ్చటపడ్డాడు. ఆ గదిలో నిజం తెలిసిన ఇద్దరిలో ఒకరు నవ్వుతున్నారు, ఒకరు పిల్ల.

నైనా బయటికి వచ్చి అమ్మతో "బంగారంవంటి పిలకాయ" అన్నాడు.

"చెప్పితిరా?"

"ఆదివారం కూటికి రమ్మంటిని. వస్తానన్నాడు."

అమ్మ బెంచీ మీదనుంచి లేవలేదు. "మీరు పోయింది డాక్టర్ దగ్గరికా, సంబంధం కలుపుకొనేదానికా? ఆయప్ప ఏమి మనకు వియ్యంకుడా?" అంది. దారిలో నైనా మునగచెట్టు దగ్గర ఆగితే ఆమె కూడా ఆగి, చెట్టు చూడకుండా ఆయన్నే చూస్తూ నిలబడింది.

అయినా అమ్మ ఆశ వదల్లేదు. ఆదివారం ఇంకా ఉంది. ఇంటికి వస్తున్నాడు కదా, నేనే చెప్తాను, నా నోటికి తాళం లేదు అంది. అవ్వ కూడా నేనున్నానంది. డాక్టరు వచ్చాడు, చేతిలో అరటిపళ్ళతో. ఆదివారం నైనాకి మంచిరోజు, గాలి కాస్త ఆడే రోజు. ఆయనే స్టూలెక్కి అటక మీది ఇత్తడి పళ్ళెం దించాడు. ఎప్పుడు తినడం అవుతుందా అని డాక్టరు తినే అన్నం ముద్దల్ని ముగ్గురం లెక్కపెట్టినంత పనిచేశాం. వాడు ఊరగాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, వాళ్ళమ్మ చేసినట్టే ఉందన్నాడు. ఇంకేముంది, అవ్వ కరిగిపోయింది. "ఏల నాయనా, అమ్మని విడిచి ఇంత దూరం వస్తివి" అని వాడి వీపు నిమిరింది.

చేతులు కడుక్కున్నాక, నైనా పొగాకు కోసమో ఏమో అంగడికి వెళ్ళాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరే అడిగాడు: "పిన్నిగారూ, బాబాయ్ గారికి ఎలా ఉందిప్పుడు? సిరప్ తాగాక తగ్గిందా?"

అమ్మ నోరు తెరిచింది. ఆ మాట ఆమె గొంతు దాకా రావడం నేను చూశాను. ఇంటికొచ్చిన పిల్లాడు, ఇప్పుడే మన చేతి కూడు తిన్నవాడు, తల్లిని విడిచి వచ్చినవాడు. "పరవాలేదు నాయనా," అంది అమ్మ. "ఇప్పుడు పరవాలేదు."

నేను అవ్వ వైపు తిరిగాను. "ఆమా" అంటూ అవ్వ తల ఊపింది, అవునన్నట్టు.

నేను పెరట్లోకి వెళ్ళి బట్టలుతికే రాయిని కాలితో తన్నాను. రాయికేం కాలేదు, నా బొటనవేలు గోరు ఊడింది. అమ్మ పసుపు అద్దుతూ ఏమైందే అంటే ఏం చెప్పానో చెప్పక్కర్లేదు. అవ్వ మీద కోపం, అమ్మ మీద కోపం, నైనా మీద చెప్పలేనంత కోపం. కాని ముగ్గురిలో ఎవర్ని పట్టుకుని అడిగినా వాళ్ళు చేసింది మర్యాదే. మర్యాదని ఏమని తిట్టాలి?

ఆ డాక్టరు ఎక్కువ కాలం ఉండలేదు. వెళ్ళేముందు నైనాకి నమస్కారం పెట్టి వెళ్ళాడు. తర్వాత వచ్చినాయన మళ్ళీ తమిళాయనే. అమ్మ మళ్ళీ పాఠం మొదలుపెట్టబోయింది. అప్పటికి నైనా ఒక మాట పట్టుకున్నాడు: "పోయిన డాక్టరే చూసి ఒన్నూ లేదన్నాడు గదా. మన మనిషి అబద్ధం చెప్పతాడా?" ఒన్నూ లేదు అంటే ఏమీ లేదు. తన చేత్తో తానే వాడి నోట్లో పెట్టిన మాట అది. దాన్నే ఇప్పుడు మాకు చూపిస్తున్నాడు. అమ్మ పాఠం మానేసింది. ఆయన ఆ బ్లోరూంలోనే ఉన్నాడు. నా చదువు అయ్యేదాకా, నా పెళ్ళి అయ్యేదాకా అక్కడే ఉన్నాడు. అవ్వ పోయినప్పుడు పాడె మోయడానికి భుజం పెట్టి, వీధి మలుపులోనే దించేశాడు. పక్కింటాయన ఆ భుజం అందుకున్నాడు. నైనా చెప్పు సరిచేసుకోవడానికన్నట్టు వంగాడు. ఆ రోజు ఆయన కాళ్ళకి చెప్పులు లేవు.

చివరికి పనికి పోలేని రోజు వచ్చాకే మేము ఆయన్ని ఆర్.ఎస్. పురంలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, ఏ మాటనీ తగ్గించకుండా తమిళంలో సూటిగా చెప్పాడు. ఇన్నేళ్ళు ఏం చేస్తున్నారు మీరంతా అని అమ్మనీ నన్నూ అడిగాడు. బస్సులో తిరిగి వస్తుంటే నైనా కిటికీ పక్కన కూర్చుని గాలికి నోరు తెరుచుకుని ఉన్నాడు. "రొంబ కోపం ఆయనకు," అన్నాడు. "కూడు తిన్నాడో లేదో."

అప్పటికి మిల్లు కూడా సగం షిఫ్టులే నడుస్తోంది. నేను పుట్టింటికి వచ్చి ఉన్నాను. ఓ మధ్యాహ్నం. గాలి తగలాలని మంచాన్ని గుమ్మానికి అడ్డంగా వేసి, చుట్టిన పరుపుకి నైనాని ఆనించి కూర్చోబెట్టాం. అమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతోంది. నేను వేణ్ణీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. రెండో షిఫ్టుకి మిల్లు కూత పడింది. అలవాటు కొద్దీ ఆయన కాలు కిందికి జరిపాడు, చెప్పుల కోసం. అది అక్కడే ఆగిపోయింది. కూత అయిపోయేదాకా ఆగి, అమ్మ వైపు తిరిగాడు.

"నిండా కష్టంగా ఉండాది," అన్నాడు.

నిండా అంటే మా ఇంటి తెలుగులో చాలా. పెళ్ళి భోజనం గురించి, వాన గురించి ఆయన నోట ఆ మాట విన్నాను. తన ఒంటి గురించి వినడం అదే మొదలు. లేసా అంటే ఎంతో, కొంచెం అంటే ఎంతో మాకు తెలుసు. పుట్టినప్పటినుంచీ వాటిని పెంచి చదువుకోవడం నేర్చుకున్నాం. దీన్ని ఎంతకి పెంచి చదవాలో నాకు తెలియలేదు. చేతిలో గ్లాసు కాలుతోంది, కింద పెట్టాలని తోచలేదు.

అమ్మ చేతిలో విసనకర్ర ఆగింది. ఇన్నేళ్ళు ఈ ఒక్క మాట కోసం ఆమె బతిమాలింది, తిట్టింది, అవ్వ మెడలో తువ్వాలు వేసి నాటకం ఆడించింది. ఇప్పుడు ఆయన చెప్పాడు. అమ్మ విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, ఎగిరెగిరి పడుతున్న ఆయన రొమ్ము మీద అరచెయ్యి ఆనించింది.

"ఒన్నూ లేదు," అంది. "ఒన్నూ లేదండి. ఇదో, ఇప్పుడే సరైపోతాది."

నైనా ఆమె ముఖం వైపు చాలాసేపు చూశాడు. ఆమె పెదవులు అదురుతున్నాయి. ఆయన చెయ్యెత్తి, తన రొమ్ము మీదున్న ఆమె చేతి మీద వేసి, రెండుసార్లు తట్టాడు.

"ఆమా," అన్నాడు. "ఒన్నూ లేదు. సుమ్మా చెప్పితిని."